నేనే తీశాను

మార్చి 4

ఎవరితోనూ మాట్లాడొద్దని లాయరమ్మ గట్టిగా చెప్పింది. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చేవాళ్లతో అసలే వద్దట. రాసుకోవద్దని మాత్రం అనలేదు. అందుకే వస్తూ వస్తూ ఈ డైరీ కొన్నాను.

తమ్ముడు నిన్న సాయంత్రం బెయిలు మీద ఇంటికొచ్చాడు. పూచీ పడింది మా ఆయనే. వాడు వస్తూనే వీధి తలుపు గడియ వైపు చూసి, "అక్కా, దీనికి నూనె పెట్టి ఎన్నాళ్లైంది?" అన్నాడు. ఒక రాత్రంతా స్టేషన్లో ఉండి వచ్చినవాడు అడగాల్సిన మాటేనా! నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. మా ఆయన మాత్రం, "గడియ సంగతి నేను చూస్తా గానీ, ముందు స్నానం చెయ్యి బామ్మర్దీ" అన్నారు.

ఏం జరిగిందని లాయరమ్మ ఎన్నిసార్లు అడిగితే అన్ని రకాలుగా చెప్పానట. అందుకే వరసగా రాసి పెట్టుకుంటున్నాను. నాన్న ఇల్లు పోయినేడు అమ్మేశాం. కొన్నాయన దాన్ని కూలగొట్టి కొత్తది కట్టుకుంటాడు. ఇల్లు ఖాళీగానే ఉంది, ఆయన తాళం వేసుకున్నాడు. పోయిన వారం ఒక మధ్యాహ్నం మావాడు ఆ తాళం తీసి లోపలికి వెళ్లాడు. కాసేపుండి బయటికొచ్చాడు. వేరే ఎవడైనా అయితే అక్కణ్ణించి పరుగు లంకించుకునేవాడు. వీడు నింపాదిగా నిలబడి తాళం మళ్లీ వేసి, రెండుసార్లు లాగి చూసి, జేబురుమాలుతో దాని మీది దుమ్ము కూడా తుడిచాడట. తీసిన తాళం వేసి రావాలనేది మా నాన్న షాపు రూలు. ఎదురింటావిడ బాల్కనీలోంచి వాడి మొహం తీరిగ్గా గుర్తుపట్టింది.

ఆ సాయంత్రమే ఇల్లు కొన్నాయన తమ్ముడి తాళంచెవుల బడ్డీ దగ్గరికొచ్చి, "నువ్వే తీశావా?" అని అడిగాడు. "నేనే తీశానండి" అన్నాడు వీడు. ఆయన తిన్నగా స్టేషన్‌కి వెళ్లాడు. గోడ అల్మరాకి ఉండే తాళం కనబడటం లేదని ఫిర్యాదు.

పోలీసులు మా ఇల్లూ బడ్డీ వెతికారు. ఏమీ దొరకలేదు. దొరకదు కూడా. వాడు దొంగతనం చేసే మనిషి కాదు.

మార్చి 5

గోడ అల్మరా తాళం. నిన్నటినుంచీ అదే మనసులో తిరుగుతోంది.

మా ఇంటి ముందుగదే నాన్న షాపు. లోపలికి అడుగుపెట్టగానే యంత్రాల నూనె వాసన, ఆకురాయితో రుద్దిన ఇనుము వాసన. గోడ నిండా మేకులకి తాళంచెవులు వేలాడుతుండేవి. ఎవరైనా తలుపు గట్టిగా వేస్తే అన్నీ ఒక్కసారి గలగలమనేవి. నాన్న మమ్మల్ని పేర్లు పెట్టి పిలిచిన గుర్తే లేదు. నేను నట్టు, తమ్ముడు బోల్టు. బడిలో ఎవరో నన్ను ఆ పేరుతో పిలిచారని ఏడుస్తూ వస్తే, "నట్టు లేకపోతే బోల్టు ఎందుకే, జారి పడిపోతుంది" అన్నారు. ఆ రోజంతా ఆ మాటకి పొంగిపోయాను.

అల్మరాలో అమ్మ బిస్కెట్లు పెట్టేది. అవి మాయమయ్యేవి. వాడు తిన్నాడని నేను, నేను తిన్నానని వాడు. నాన్న ఎవర్నీ ఒక్క మాట అనలేదు. కొన్నాళ్లపాటు మాకు కనబడకుండా ఏదో చేసుకున్నారు. చివరికి అరచెయ్యంత తాళం ఒకటి పట్టుకొచ్చారు. దానికి కుడివైపొక కన్నం, ఎడమవైపొక కన్నం. నాకో తాళంచెవి, వాడికో తాళంచెవి. రెండూ తిప్పి పట్టుకోవాలి, వదిలితే లోపలి స్ప్రింగు వెనక్కి తన్నేస్తుంది. అలా పట్టుకునుండగానే పై కడ్డీని లాగాలి.

"మరి కడ్డీ ఎవరు లాగుతారు నాన్నా?" అన్నాను.

"మూడో చెయ్యి."

"నాలుగో చెయ్యి?" అన్నాడు బోల్టు.

"దాంతో బిస్కెట్టు అందుకో."

మేం పోట్లాడుకున్న రోజుల్లో ఆ అల్మరా తెరుచుకునేది కాదు. బిస్కెట్లు మెత్తబడిపోతున్నా నాన్న పట్టించుకునేవారు కాదు. ఆఖరికి ఎవరో ఒకరం తాళంచెవి పట్టుకుని రెండోవాళ్ల దగ్గరికి వెళ్లి నిలబడేవాళ్లం. క్షమించమని అడగడమంటే మా ఇంట్లో అదే. ఎంత బాగుండేదో ఆ ఇల్లు. అమ్మడానికి సంతకం పెట్టిన చేత్తోనే ఇది రాస్తున్నాను.

నా తాళంచెవి ఇప్పటికీ ఇంటి తాళాల గుత్తిలోనే ఉంది. దేనిదని ఎవరైనా అడిగితే దేనిదీ కాదంటాను.

మార్చి 11

లాయరమ్మ ఆఫీసు జిరాక్సు షాపు పైన. నా కూతురి వయసు ఉంటుంది. గొంతు బిళ్లలు చప్పరిస్తూనే మాట్లాడుతుంది. మాకు అర్థమయ్యేలా చెప్పడానికి పాపం చాలా తంటాలు పడింది.

"మీవాడి మీద రెండు నేరాలు పెట్టారండీ. ఇంట్లోకి అక్రమంగా చొరబడటం ఒకటి, దొంగతనం ఒకటి. మొదటిదాన్నించి తప్పించుకోలేం, చూసినవాళ్లున్నారు. దానికి జరిమానాతో బయటపడొచ్చు. రెండోది రుజువైతేనే చిక్కు. జైలు పడొచ్చు."

"అంటే టికెట్ లేకుండా బస్సెక్కడం ఒకటి, దిగేటప్పుడు సీటు ఊడబెరుక్కుపోవడం ఒకటి" అన్నారు మా ఆయన. కండక్టరుగా రిటైరైన మనిషి, లోకమంతా బస్సులాగే కనిపిస్తుంది. లాయరమ్మకి బిళ్ల గొంతుకి అడ్డం పడింది.

పెద్ద నేరాలన్నీ పై అంతస్తు కోర్టులకి పోతాయట. మాది కింది అంతస్తే. అదేదో బహుమతి అయినట్టు మా ఆయన నా వైపు చూసి తలాడించారు.

జైలు తప్పే దారే లేదా అని అడిగాను. మొదటి తప్పు కాబట్టి ప్రొబేషన్ అడగొచ్చంది. శిక్ష వెయ్యకుండా, బుద్ధిగా ఉంటానని బాండు రాయించుకుని ఇంటికి పంపుతారట. ఇంట్లోవాళ్లెవరైనా పూచీ పడాలి. ప్రొబేషన్ ఆఫీసరు వచ్చి చూస్తూంటారు. పెట్టిన షరతుల్లో ఒక్కటి తప్పినా మళ్లీ పిలిచి అప్పుడు శిక్ష వేస్తారు.

"కానీ అది కోర్టు దయండీ. మన హక్కు కాదు. దాన్నే నమ్ముకుని కూర్చోలేం."

ఆమె బల్ల సొరుగు సరిగ్గా పడటం లేదు. తమ్ముడి చూపంతా దాని మీదే.

మార్చి 14

దేవుడి దయ, దారి దొరికింది!

లాయరమ్మ విసుక్కుంటూ, "నేనే తీశానని ఎందుకన్నావయ్యా ఆయనతో?" అంది. వాడు నేల చూపులు చూస్తున్నాడు. నాకు ఒళ్లు మండి, "మా షాపులో తీయడమంటే తాళం తెరవడమేనమ్మా, ఇంకో అర్థం లేదు" అన్నాను. ఆమె చప్పరించడం ఆపేసింది.

"మళ్లీ చెప్పండి."

చెప్పాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మా ముందుగదిలో వినబడే మాట అదొక్కటే. తీశారా, తీశాను, ఇంకా తియ్యలేదా, రేపు తీస్తాను. ఒకసారి ఎవరో పెద్దమనిషి కంగారుగా వచ్చి, "మా బీరువా తీసింది మీరేనా?" అంటే నాన్న గర్వంగా "నేనేనండీ" అన్నారు. తీరా చూస్తే ఆయన బీరువాలో నగలు పోయాయి. అమ్మ అడ్డం పడి సర్దిచెప్పేసరికి తాతలు దిగొచ్చారు. ఆ తర్వాత చాలా కాలం మేం నాన్నని దొంగగారూ అని ఏడిపించేవాళ్లం.

"ఇల్లు కొన్నాయన పట్టుకుపోయావా అనే అర్థంతో అడిగాడు. మీవాడు తెరిచానన్న అర్థంతో జవాబు చెప్పాడు" అంది లాయరమ్మ. కళ్లు మెరిసిపోతున్నాయి. "వస్తువు దొరకలేదు. ఆ ఒక్క మాట తప్ప దొంగతనానికి సాక్ష్యమే లేదు. మీరు బోనెక్కి ఇదే చెప్పాలి."

చెప్తాను. అక్షరం పొల్లుపోకుండా చెప్తాను. ఇందులో అబద్ధం లేదుగా.

తమ్ముడి మొహంలో మాత్రం సంతోషం లేదు. అలిసిపోయి ఉంటాడు.

మార్చి 20

ఇవాళ ఏమీ జరగలేదు. గుడ్డముక్కల సంచి జోలికి పోకుండా ఉండాల్సింది.

మార్చి 21

నాకు నేనే దాచుకుని ఏం లాభం?

కోటు లైనింగుకి ముక్క సరిపోక, కుట్టుమిషను కింద ఉండే పాత సంచిలో చెయ్యి పెట్టాను. అడుగున బరువుగా తగిలింది. ఫ్లానెల్ గుడ్డలో చుట్టి ఉంది. విప్పకముందే తెలిసిపోయింది. చేతికి తెలుస్తుంది. ఆ అంచు, ఆ గుండ్రం, కుడివైపు నా కన్నం. నాన్న ఆకురాయి జారి పడిన గీత కూడా అలాగే ఉంది.

పోలీసులు ఆ సంచి బోర్లించకుండా పై పైన తడిమి వదిలేశారు.

ఎంతసేపు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నానో తెలియదు. వాడి మీద కోపం రావాల్సింది. రాలేదు. ఇన్నేళ్ల తర్వాత ఇంట్లో మళ్లీ ఆ నూనె వాసన వచ్చింది, అంతే. గుడ్డ పాతబడి చిరిగి ఉంది. ఇంకో మెత్తటి గుడ్డ చుట్టి, ఉన్నచోటే పెట్టేశాను.

కోర్టులో నన్ను అడిగేది ఆ మాటకి అర్థం గురించే. ఆ అర్థం నిజం. మా షాపులో ఆ మాటకి ఇంకో అర్థం లేదు.

మార్చి 30

భోజనాల దగ్గర తమ్ముడు, "అక్కా, ఆ గుడ్డ చాలా మెత్తగా ఉంది" అన్నాడు.

"ఏ గుడ్డ?" అన్నాను.

మా ఆయన మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి మంచినీళ్లు తాగారు.

ఏప్రిల్ 8

రేపే. తీయడం అంటే తెరవడం. తీయడం అంటే తెరవడం. తీయడం అంటే తెరవడం.

ఏప్రిల్ 9

అక్షరాలు ఎలా వస్తే అలా రానీ.

కోర్టు గది నేననుకున్నంత పెద్దది కాదు. ఫ్యాన్ల చప్పుడులో మాటలు సగం వినబడవు. మెజిస్ట్రేట్ గారు కళ్లజోడు తీసి తుడుచుకుని పెట్టుకుంటారు, మళ్లీ తీస్తారు. ముందు ఇల్లు కొన్నాయన చెప్పాడు. నేను రాక్షసుణ్ణి ఊహించుకున్నాను గానీ, ఆయన సౌమ్యంగానే మాట్లాడాడు. "తాళం ఖరీదు గురించి కాదండీ. నా ఇంట్లోకి నాకు తెలియకుండా మనిషొచ్చి తిరిగి వెళ్లాడు. ఆనాటినుంచి మా ఆవిడకి భయం పట్టుకుంది" అన్నాడు. అందులో తప్పేముంది? నాకైనా భయమేస్తుంది.

తర్వాత నన్ను పిలిచారు. లాయరమ్మ అడిగింది, చెప్పాను. షాపు గురించి చెప్తూ చెప్తూ బీరువా పెద్దమనిషి కథ కూడా చెప్పేశాను. బెంచి గుమాస్తా నవ్వాపుకోలేకపోయాడు. మెజిస్ట్రేట్ గారు కూడా కొంచెం నవ్వినట్టే ఉన్నారు. గట్టెక్కాం అనుకున్నాను.

ప్రభుత్వ లాయరు నెమ్మదిగా లేచాడు.

"మాట సంగతి బాగుందమ్మా. ఒక్కటే అడుగుతాను. ఆ అల్మరా తాళం ఇప్పుడెక్కడుందో మీకు తెలుసా?"

ఆ ప్రశ్న ఎవరూ నాకు నేర్పలేదు. తెలియదు అని ఒక్క మాటంటే చాలు, వాడు ఇంటికొస్తాడు. ఆ మాట నాలిక చివరికొచ్చింది కూడా. బోను కమ్మీ పట్టుకున్నాను. అది కూడా ఇనుమే.

"అక్కని అడక్కండి సార్."

వెనకనుంచి తమ్ముడు. లాయరమ్మ కూర్చోమని చేతులూపుతోంది. వాడు కూర్చోలేదు.

"నేనే తీశాను. ఇంటి తాళం తీశాను. అల్మరా తాళమూ తీశాను. మా అక్క చెప్పిన అర్థంలోనూ తీశాను, ఆయన అడిగిన అర్థంలోనూ తీశాను. అది అక్క ఇంట్లో గుడ్డముక్కల సంచిలో ఉంది. పెట్టింది నేను. అక్కకి తెలీదు."

ఎందుకు తీశావని మెజిస్ట్రేట్ గారు అడిగారు. ఈసారి కళ్లజోడు ఆయన చేతిలోనే ఉంది.

"ఇల్లు కూలగొడితే పాత ఇనుములో కొట్టుకుపోతుందండి. ఈయన్ని రెండుసార్లు అడిగాను, చూద్దామన్నారు. ఇంతలో ఒకరోజు కొలతలకొచ్చినావిడ మా అక్క గుత్తి చూసి ఈ తాళంచెవి దేనిదండీ అంది. అక్క దేనిదీ కాదంది. నేను పక్కనే ఉన్నాను. నాకు నచ్చలేదండి ఆ మాట."

ఆ మాట వాడి చెవిన పడుతుందనుకోలేదు. నేను బోనులోనే ఏడ్చేశాను. ఎవరున్నారో ఏమనుకుంటారో ఏమీ తోచలేదు.

అక్కకి తెలీదన్నాడు. మెత్తటి గుడ్డ గురించి నాతో అన్నవాడే. కోర్టులో వాడు ఆడిన అబద్ధం అదొక్కటే.

ఏప్రిల్ 10

లాయరమ్మ ఫోన్లో చెడామడా తిట్టింది. నిన్ననే పోలీసులొచ్చి తాళం పట్టుకెళ్లారు. ఇక ప్రొబేషన్ ఒక్కటే దిక్కట. మెజిస్ట్రేట్ గారు ప్రొబేషన్ ఆఫీసరు రిపోర్టు అడిగారు. అది బాగాలేకపోతే జైలే.

తమ్ముడు పొద్దున్నే లేచి వీధి తలుపు గడియకి నూనె పెట్టాడు.

ఏప్రిల్ 24

ప్రొబేషన్ ఆఫీసరు వచ్చింది. భుజాన సంచి, కాళ్లకి కాన్వాసు బూట్లు. ఇల్లంతా చూసింది. వాడు ఎక్కడ పడుకుంటాడు, ఎవరితో తిరుగుతాడు, తాగుతాడా, బడ్డీ మీద ఎంత సంపాదిస్తాడు. చుట్టుపక్కల ఇళ్లలో కూడా అడిగొచ్చింది. మా ఆయన్ని మీ బావమరిది ఎలాంటివాడంటే, "నా సర్వీసులో ఎంతోమందిని చూశానమ్మా. చిల్లర ఎక్కువిస్తే వెనక్కి తెచ్చిచ్చే రకం" అన్నారు. ఆయన నోట తమ్ముడి గురించి మంచి మాట నేను వినడం ఇదే మొదలు.

నన్ను వంటగదిలోకి పిలిచి మెల్లగా అడిగింది. "పూచీ మీరు పడతారా? మీ తమ్ముడు షరతు తప్పితే మిమ్మల్ని కూడా కోర్టుకి పిలుస్తారు. తొందర లేదు, ఆలోచించుకుని చెప్పండి."

ఆలోచించలేదు. పడతానన్నాను.

"మీకు నిజంగానే తెలీదా, తాళం ఇంట్లో ఉందని?"

పొయ్యి మీద పాలు చూసుకుంటున్నట్టు వెనక్కి తిరిగాను. "తెలుసండీ" అన్నాను. పాలకే చెప్పినట్టు చెప్పాను. ఆమె రాసుకుంటున్న చప్పుడు ఆగింది. "టీలో పంచదార తక్కువ వెయ్యండి" అంది.

మే 6

ప్రొబేషన్ ఇచ్చారు!

ఏడాది. ఇదే ఇంట్లో ఉండాలి. నెలనెలా ఆఫీసరుకి కనబడాలి. ఊరు దాటాలంటే ముందే చెప్పాలి. బడ్డీలో కొత్త తాళాలు అమ్ముకోవచ్చు, తాళంచెవులు కోసివ్వొచ్చు, అంతవరకే. ఏడాదిపాటు పరాయివాళ్ల తాళం ఏదీ తీయకూడదు. ఆ షరతు చదివేటప్పుడు మెజిస్ట్రేట్ గారు ఆగి, "తీయడమంటే రెండు అర్థాల్లోనూ" అన్నారు. బెంచి గుమాస్తా తల దించుకుని నవ్వుకున్నాడు.

తాళం సొంతదారుకి ఇచ్చెయ్యమన్నారు. అది మూసే ఉంది. అల్మరాకి తెరిచి వేలాడుతుంటే తమ్ముడు తెచ్చేటప్పుడు నొక్కేశాడట, మూయడానికి తాళంచెవులు అక్కర్లేదు. "మూసిన తాళం నేనేం చేసుకోనండీ?" అన్నాడాయన. కోర్టులోనే ఇప్పుడే తెరవమని మెజిస్ట్రేట్ గారు చెప్పారు.

గుమాస్తా బల్ల దగ్గర ఇద్దరం నిలబడ్డాం. నేను గుత్తిలోంచి నాది వెతికాను. వాడు మెడలో దారానికి కట్టుకున్నాడు తనది. ఇన్నాళ్లూ వాడి చొక్కా లోపల ఉందని నాకు తెలియనే తెలియదు. కుడివైపు నేను, ఎడమవైపు వాడు. తిప్పాం. లోపల స్ప్రింగు అదే పొగరుతో తన్నింది. వాడి జుట్టు నెరిసింది, నా కీళ్లు నొప్పులు. అయినా వాడి భుజం నా భుజానికి తగిలిన చోటు మాత్రం అదే చోటు.

"కడ్డీ లాగు నట్టూ" అన్నాడు నాకొక్కదానికే వినబడేలా.

లాగాను. టక్కుమంది. నాలుగో చెయ్యి వాడిది, ఖాళీగా ఉంది. దాంతో నా కళ్లు తుడిచాడు.

ఇల్లు కొన్నాయన తాళం తీసుకుని, చేతిలో బరువు చూసుకుని, నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. ఆర్డరులో తాళం అని మాత్రమే ఉంది. తాళంచెవుల ఊసు లేదు. అవి నాన్న మాకిచ్చినవి, ఇంటితో అమ్మినవి కావు అంది లాయరమ్మ.

జూన్ 15

నాన్న ఇల్లు పూర్తిగా కూలగొట్టేశారు. అటువైపు పని ఉన్నా చుట్టు తిరిగి వెళ్లాను.

సాయంత్రం ఇల్లు కొన్నాయన ఫోను చేశాడు. తమ్ముడు స్పీకరు పెట్టాడు. ఆయనకి కాస్త మొహమాటంగా ఉన్నట్టుంది.

"ఏం లేదయ్యా, ఆ తాళం మా కొత్త అల్మరాకి పెట్టాను. వచ్చినవాళ్లందరికీ చూపిస్తున్నాను. నిన్న మా ఆవిడ పొరపాటున నొక్కేసింది. అల్మరాలో ఇంటి కాగితాలున్నాయి. కొంచెం వచ్చి తీసిపెట్టు."

తమ్ముడు నా వైపు చూశాడు. చిన్నప్పుడు అల్మరా ముందు నిలబడ్డప్పుడు ఉండే మొహం.

"నేను తీయకూడదండి. కోర్టు ఆర్డరు. ఏడాది దాకా పరాయి తాళం ముట్టుకోకూడదు."

"అయ్యో, నాదే కదయ్యా! నేనే తీయమంటున్నాను."

"మీది కాబట్టేనండి కూడదు. ప్రొబేషన్ ఆఫీసరు గార్ని అడగండి. ఆవిడ సరేనంటే వెంటనే వస్తాం."

"పోనీ మీ అక్కగార్ని పంపు."

"ఒక్కరి వల్ల కాదండి అది" అన్నాడు వాడు, ఎంతో మర్యాదగా. "ఇద్దరం ఉండాలి."

ఫోను పెట్టేశాక ముగ్గురం పగలబడి నవ్వుకున్నాం. నవ్వి నవ్వి నాకు దగ్గొచ్చింది. తమ్ముడి నవ్వు ముందు ఆగింది. నాన్న వింటే ఏమనేవారో అన్నాడు. నాన్న గుర్తొచ్చి ఇంత సంతోషం కలిగిన రోజు ఇంకోటి లేదు.

ఆయన కోసం రేపు ఆఫీసరుకి నేనే ఫోను చేస్తాను. పాపం, ఇంటి కాగితాలు.

పడుకునేముందు మా ఆయన వీధి తలుపు తాళం వేసొచ్చి, గుత్తి నా చేతికిస్తూ అన్నారు. "ఇంత బరువెందుకే? కోర్టు పని అయిపోయిందిగా. ఆ పాతది తీసెయ్యి."

"తీయను" అన్నాను. "తీయాల్సి వస్తే ఇద్దరం కలిసే తీస్తాం."